ఓడలో కారు చోటు ఎవరిది?

స్కాట్లండ్ పోయొచ్చిన మనవాళ్ల స్టేటస్‌లో ఒక వీడియో ఖాయంగా ఉంటుంది. ఓడ ముందరి తలుపు పైకి లేస్తుంది, ఇనుప ర్యాంపు మీద టైర్లు దడదడమంటాయి, అద్దె కారు మెల్లగా ఓడ కడుపులోకి పోతుంది, వెనక సీట్లోంచి ఎవరో "కారుతో సహా ఎక్కేసినాం చూడండప్పా" అంటారు. మా ఇంటి గ్రూపులోనూ అదే వీడియో తిరిగింది. తీసింది మా అక్క. దానికి కర్నూలు నుంచి వచ్చిన జవాబులన్నీ ఒకటే తీరు: ఆ ఓడ ఎక్కడం కోసమైనా ఒక్కసారి పోవాలని.

పోండి, ఎవరొద్దన్నారు. కానీ ఆ ఓడ మన సరదా తీర్చడానికి నడుస్తున్నది కాదు, దీవిలో ఉండేవాళ్లకు అదే రోడ్డు. అందులో కార్లు పట్టే చోటు లెక్కపెట్టినంతే ఉంటుంది. వేసవిలో మనం అద్దె కారుతో ఒక చోటు పట్టుకున్నామంటే, ఆ పూట ఇంటికి పోవాల్సిన అక్కడి మనిషి ఒడ్డున ఆగిపోయే అవకాశం బాగానే ఉంది. అందుకని కుదిరినవాళ్లు నడిచి ఎక్కాలి, దిగినాక దీవిలోనే కారు అద్దెకు తీసుకోవాలి, కుదరనివాళ్లు మాత్రమే కారు ఎక్కించాలి అని నా వాదన. మా బావకు ఈ వాదన గిట్టదు. ఓడ ఎక్కే లైన్లో మొదలైన మా గొడవ ఇంకా తెగలేదు, సగం ఆ గొడవ వల్లే ఇది రాస్తున్నా.

అక్కావాళ్లు గ్లాస్గోలో ఉంటారు. వేసవిలో అమ్మను తీసుకుని నేను పోయేసరికే బావ అన్నీ బుక్ చేసి పెట్టాడు. అద్దె కారు, ఓడలో దానికి చోటు, దీవిలో బస. పోయేది లూయిస్, హారిస్‌లకు. పేర్లు రెండైనా దీవి ఒకటే, స్కాట్లండ్ పడమటి సముద్రంలో ఉంటుంది, ఉత్తర భాగం లూయిస్, దక్షిణ భాగం హారిస్. రెండూ కలిపి దాదాపు ఇరవై వేల జనం, అంటే మన ఆత్మకూరు పట్నమంత కూడా ఉండరు. గ్లాస్గో నుంచి అల్లపూల్ అనే రేవుకు కారులో నాలుగున్నర, ఐదు గంటల దారి. అక్కడి నుంచి ఓడలో రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పోతే లూయిస్‌లోని రేవు పట్నం స్టోర్నొవే వస్తుంది.

ఓడ బయలుదేరడానికి చాలా ముందే పోయి లైన్లో పెట్టాలి. రేవు దగ్గర నేల మీద గీతలు గీసి, నంబర్లు వేసి ఉంటాయి, ఎవరు ఏ లైన్లో పెట్టాలో టికెట్ చూసే మనిషి చెప్తాడు. తర్వాత మెరిసే పసుపు జాకెట్లు వేసుకున్నవాళ్లు ఒక్కో లైనునూ చేత్తో పిలుస్తారు. లోపల నేలంతా ఇనుమే, తడిగా ఉంటుంది, డీజిల్ వాసన. ముందు బండికి మన బండి తగులుతుందేమో అనిపించేదాకా ఇంకా రా, ఇంకా రా అని చెయ్యి ఊపుతూనే ఉంటాడు, ఒక్కసారిగా అరచెయ్యి అడ్డం పెడతాడు. అంతే, అక్కడ ఆపాలి. పక్క అద్దాలు మడవాలి, గేరులో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగాలి. తలుపు సగమే తెరుచుకుంటుంది. అమ్మ ఆ సందులోంచి చీర చెంగు దగ్గరకు పట్టుకుని పక్కకు పక్కకు జరుగుతూ బయటికొచ్చింది. ఓడ కదిలినాక కార్లుండే అంతస్తులోకి ఎవరినీ రానివ్వరు, కిందికి దారి మూసేస్తారు. తెల్లవారుజామున లేచి అమ్మ చేసిన చిత్రాన్నం డబ్బా కారు డిక్కీలోనే ఉండిపోయింది, మేము పైన బంగాళదుంప వేపుళ్లు తింటూ మించ్ అనే ఆ సముద్రం దాటినాం. మధ్యలో అల పెద్దదై ఓడ ఒరిగితే కింద నుంచి కార్ల అలారాలు ఒకటి తర్వాత ఒకటి అరవడం వినిపించింది. పోయేవాళ్లు మాత్రలు, స్వెటర్, తినేది ముందే సంచిలో వేసుకుని ఎక్కండి. (బావ అలారం ఆపేసి వచ్చాడు, ఆ విషయంలో ఆయన్ను మెచ్చుకోవాలి.)

ఇక చోటు సంగతి. ఆ దారిలో 2015 నుంచి నడుస్తున్న లోక్ సీఫోర్త్ అనే ఓడలో మనుషులు 700 మంది దాకా పడతారు, కార్లు 143 పడతాయి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నడిచి ఎక్కేవాడికి చోటు దొరకకపోవడం అరుదు. కొరత అంతా కార్లకే. ఆ 143లోనే లారీలు, వ్యాన్లు, గొర్రెల ట్రెయిలర్లు, ఇల్లంత పొడుగు క్యాంపర్ వ్యాన్లు సర్దుకోవాలి. ఒక లారీ ఎక్కిందంటే కార్ల లెక్క కిందికి పడిపోతుంది.

ఒకప్పుడు ఓడ టికెట్టే జనాన్ని ఆపేది, ధర అంత ఉండేది. దీవుల్లో బతికేవాళ్లకు అది భారమని 2008లో స్కాట్లండ్ ప్రభుత్వం ఒక పద్ధతిని ప్రయోగంగా తెచ్చింది: సముద్రం మీద పోయే దూరానికి, అదే దూరం రోడ్డు మీద పోతే ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి చార్జీ. తర్వాత ఏళ్లలో ఆ పద్ధతిని మిగతా దీవులకూ తెచ్చారు. మంచి ఆలోచనే. కానీ చార్జీ తగ్గింది దీవి వాళ్లకొక్కరికే కాదు కదా, బావకూ తగ్గింది. టూరిస్టుల కార్లు పెరిగినాయి, ఓడలు మాత్రం పాతబడిపోయినాయి. కొత్తవి రెండింటికి 2015లో 97 మిలియన్ పౌండ్లకు ఒప్పందం చేసుకున్నారు, 2018లో రావాలి. వాటిలో మొదటిది గ్లెన్ సానాక్స్ అర్రన్ దీవికి నడవడం మొదలైంది 2025 జనవరిలో. ఖర్చు నాలుగు రెట్లు దాటింది, రెండోదాని పని ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంది. ప్రాజెక్టుకు శంకుస్థాపన రాళ్లు మాత్రమే చూసి పెరిగిన రాయలసీమవాడికి ఇది వింటే ఒక రకమైన ఊరట కూడా కలుగుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఒక ఓడ రిపేరుకు పోయిందంటే ఇంకో దీవి ఓడను ఇక్కడికి లాగుతారు. 2023 జూన్‌లో దాదాపు నెలంతా సౌత్ యుయిస్ట్ దీవి రేవుకు ఓడ లేకుండా చేశారు. దీవి జనం వందలమంది బండ్లతో సహా రేవుకు వచ్చి నిరసన తెలిపారు. టూరిస్టులకు అది సెలవుల్లో చిన్న అవాంతరం, ఇంకో ఊరు చూసుకుంటారు. హోటలు నడిపేవాడికి, దూడలు అమ్ముకునేవాడికి అది ఏడాది రాబడి.

మా పక్క లైన్లో ఒక చిన్న తెల్ల వ్యాను నిలబడి ఉంది. నడిపేది అరవై దాటిన ఆమె. అమ్మ చీర చూసి ఆమే పలకరించింది. స్టోర్నొవే అవతల ఏదో పల్లె వాళ్లది, భర్తను ఇవతలి ఒడ్డునున్న ఇన్వర్‌నెస్ పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయి వస్తోంది. ఆయన్ను చేర్చుకున్నారు, ఈమె ఒక్కతే తిరిగి పోతోంది. ఆసుపత్రిలో ఆలస్యమై ముందు బుక్ చేసుకున్న ఓడ తప్పిపోయింది, ఇప్పుడు స్టాండ్‌బై లైన్లో ఉంది. అంటే బుక్ చేసుకున్నవాళ్లంతా ఎక్కినాక చోటు మిగిలితే పిలుస్తారు. ఆమె ముందు ఇంకా కొన్ని బండ్లున్నాయి. ఎక్కకపోతే ఏం చేస్తారని అక్క అడిగితే, రాత్రి ఓడ ఉంది, అదీ కాకపోతే వ్యానులోనే పడుకుంటానంది. గొణగలేదు, ఎవర్నీ తిట్టలేదు, మా అమ్మకు ఎక్కడెక్కడ చూడాలో చెప్పింది కూడా. మా లైను కదిలింది. ఆమె బండి ఎక్కిందో లేదో మాకు తెలీదు.

"మేం నెలల ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్నాం, ఎవరి చోటూ లాక్కోలేదు" అని బావ. "ముందొచ్చినవాడికి ముందు, ఇందులో అన్యాయం ఏముంది?" వినడానికి ఏ తప్పూ కనపడదు. కానీ ముందు ఎవరు రాగలరు? సెలవులకు పోయేవాడికి జనవరిలోనే తెలుసు జూలైలో ఏ రోజు పోవాలో. జబ్బు, చావు, కాన్పు, చెడిపోయిన ట్రాక్టరు సామాను జనవరిలో తెలియవు. రోజూ ఆ దారిలో బతికేవాడే ఆఖరి నిమిషంలో వస్తాడు. అందుకే దీవి వాళ్ల కోసం కొన్ని చోట్లు చివరిదాకా ఆపి పెట్టాలని అక్కడ గట్టిగా అడుగుతున్నారు. తత్కాల్ కోటాతో ఇన్నేళ్లు బతికిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఈ విషయంలో నాకు కొంచెం ఎక్కువ మంట ఎందుకంటే, మా నాన్న నందికొట్కూరు పక్క టీచరుగా చేసినోడు. శ్రీశైలం డ్యాం నిండినాక ఊళ్లకు ఊళ్లు మునిగిపోయి, ఇటు నెహ్రూనగర్, సంగమేశ్వరం, సిద్ధేశ్వరం, అటు మంచాలకట్ట, సోమశిల, మధ్యలో సముద్రమంత నీళ్లు. అవతలి ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, రోడ్డు మీద పోవాలంటే కర్నూలు, పెబ్బేరు చుట్టి కొల్లాపూర్ చేరేసరికి వంద కిలోమీటర్లకు పైమాటే. వియ్యాలు అటూ ఇటూ, చేలు అటూ ఇటూ. అందుకని జనం బోటెక్కుతారు. మోటారు సైకిలును ఇద్దరు పట్టుకుని చెక్క మీదుగా లోపలికి దొర్లిస్తారు, పెట్రోలు ట్యాప్ కట్టేస్తారు, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఒకడు హ్యాండిల్ వదలడు. బండి పక్కనే మేకలు, ఎరువుల బస్తాలు, పెళ్లికి పోయే ఆడవాళ్లు. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య బోటు మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఆ వారమంతా మా ఇంట్లో నాన్న సరిగా అన్నం తినలేదు, పోయినవాళ్లలో ఆయన పాఠం చెప్పిన పిల్లల ఇళ్లవాళ్లున్నారు.

ఇప్పుడు అదే నీళ్ల మీద సోమశిల అందాలు చూడ్డానికి వారాంతాల్లో సెల్ఫ్ డ్రైవ్ కార్లు వస్తున్నాయి. రానీ, టీ కొట్టువాడికి నాలుగు రూపాయలు. అక్కడ వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది, వెయ్యి కోట్లకు పైన ఖర్చు, హైదరాబాద్, తిరుపతి మధ్య దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతుందని చెప్పారు. కానీ అప్పుడు పేపర్లలో ఎక్కువగా కనిపించింది ఏమిటి? అద్దాల నడకదారి, గోపురం ఆకారం స్తంభం, రంగురంగుల లైట్లు. మంచాలకట్ట పేరు ఎక్కడో లోపలి పేజీలో. వంతెనను కూడా ముందు చూడ్డానికొచ్చేవాడికే అమ్ముతారు.

స్టోర్నొవే వాళ్లకూ నీళ్లంటే ఏమిటో తెలుసు. 1919 జనవరి 1న, యుద్ధం ముగిసి ఇళ్లకొస్తున్న నావికులతో ఐయొలేర్ అనే నౌక రేవు దగ్గరికి వచ్చి మరీ రాళ్లకు కొట్టుకుంది, 200 మంది దాకా పోయారు. నాలుగేళ్ల యుద్ధంలో బతికి బట్టకట్టినవాళ్లు ఇంటి ముంగిట పోయారు.

ఇంకో కథ, ఇది లూయిస్ నుంచి కిందికి సాగే దీవుల వరుసకు దక్షిణం కొసన. వాటర్సే అనే చిన్న దీవి నుంచి పక్కనున్న బర్రా దీవికి పశువులను ఈత కొట్టించి దాటించేవాళ్లు. 1986లో బెర్నీ అనే పేరుపడ్డ ఆంబోతు అలా దాటుతూ మునిగి చచ్చిపోయింది. మనుషులు ఎన్నేళ్లు అడిగినా కదలని ఫైలు ఆంబోతు చస్తే కదిలింది, 1991కి రెండు దీవుల మధ్య రాళ్లతో కట్ట పోసి రోడ్డు వేశారు. స్కై అనే పెద్ద దీవికి 1995లో వంతెన వచ్చింది, కానీ దానికి పెట్టిన టోల్ భయంకరం, జనం కట్టం అని మొండికేసి కోర్టుల చుట్టూ తిరిగారు, 2004 చివర్లో టోల్ ఎత్తేశారు. నీళ్ల మీద రోడ్డు అడిగే హక్కు కోసం వాళ్లు ఇంత పోట్లాడితే, మనం పోయి ఆ రోడ్డును జెయింట్ వీలులా చూడ్డం ఏం బాగుంటుంది?

ఇక అద్దె కారు తీసుకుపోవాల్సిన అవసరమే ఉందనుకుందాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చంటి పిల్లలు, సామాను, ఏదైనా కావచ్చు. మొదట అద్దెకిచ్చేవాళ్లను అడగాలి, ఓడలో తీసుకుపోవచ్చా అని. కొన్ని కంపెనీలు ఒప్పుకోవు, కొన్ని ముందే చెప్పమంటాయి. చెప్పకుండా తీసుకుపోయి దీవిలో ఏదైనా అయితే ఇన్సూరెన్సు పనికిరాకుండా పోవచ్చు. బండి మొరాయిస్తే వచ్చి లాక్కుపోయే సౌకర్యం దీవిలో కూడా వర్తిస్తుందా అనేది రాతలో తీసుకోండి, ఎందుకంటే చెడిపోయిన కారు కూడా మళ్లీ అదే ఓడలో చోటు దొరికించుకుని రావాలి. టైర్లు, ముందద్దం, కారు అడుగు భాగం చాలా పాలసీల్లో కవర్ కావు, దీవి రోడ్ల మీద ముందు దెబ్బ తినేవి అవే. ఓడ గాలికి రద్దయితే కారు తిరిగివ్వడం ఆలస్యమవుతుంది, ఆ అదనపు అద్దె ఎవరిదో కూడా అడగాలి. తిరుగు ప్రయాణం రోజునే విమానం పెట్టుకోవడం లాంటి సాహసాలు చేయొద్దు.

రోడ్లు చాలాచోట్ల ఒక బండి పట్టేంతే. అక్కడక్కడా ఎదుటి బండికి దారివ్వడానికి కొంచెం వెడల్పు చేసి, బోర్డు పెట్టి ఉంటారు. అది ఎదురుగా వచ్చేవాడికే కాదు, వెనక వచ్చేవాడికి కూడా. మనం బీచ్ చూస్తూ ముప్పైలో పోతుంటే, వెనక పోస్టు వ్యాను డ్యూటీకి పోతుంటుంది, పక్కకు జరిగి పోనివ్వాలి. అక్కడ బండి ఆపి ఫోటోలు దిగేవాళ్లను చూస్తే నాకు అహోబిలం ఘాట్‌లో మలుపు మీద కారు ఆపి సెల్ఫీ తీసుకునేవాళ్లు గుర్తొచ్చారు, జాతి వేరైనా బుద్ధి ఒకటే. ఆదివారం పెట్రోలు బంకులు, కొట్లు చాలా వరకు మూసి ఉంటాయి, బస్సులూ నడవవు. స్టోర్నొవేకు ఆదివారం ఓడ మొదలైందే 2009లో, దానికే పెద్ద రగడ జరిగింది. శనివారమే ట్యాంకు నింపుకోండి.

నడిచి ఎక్కేవాళ్లకు ఇంత తలనొప్పి లేదు. గ్లాస్గో నుంచి ఇన్వర్‌నెస్‌కు రైలు, అక్కడి నుంచి అల్లపూల్‌కు ఓడ టైముకు సరిపోయేలా బస్సు ఉంది. స్టోర్నొవేలో కార్లు అద్దెకిచ్చే స్థానికులున్నారు, డబ్బూ దీవిలోనే ఉంటుంది. వేసవిలో వాళ్ల దగ్గర కార్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే మాట్లాడుకోవాలి, ఈ ముందు బుకింగ్ వల్ల ఎవరి ప్రయాణమూ ఆగదు.

టూరిస్టులు రాకపోతే ఆ దీవులు ఏం తిని బతకాలి అన్నది బావ రెండో వాదన. ఇందులో నిజముంది. హారిస్‌లో ఒక ఇంటి పక్క రేకుల షెడ్డులో మగ్గం నేస్తున్న ఆయన దగ్గరికి పోయాం. హారిస్ ట్వీడ్ అనే ఊలు గుడ్డకు 1993లో ఏకంగా పార్లమెంటు చట్టమే చేశారు: ఆ దీవుల్లో ఉండేవాళ్లు, తమ ఇళ్ల దగ్గరే, చేత్తో నేస్తేనే ఆ పేరు పెట్టాలి. అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. తాత మాచాని సోమప్ప పెట్టిన సొసైటీకి నేసేవాడు, అమ్మ చిన్నప్పుడు కండెలు చుట్టింది. వీళ్ల మగ్గానికి గుంత లేదు, మనిషి ఎత్తు మీద కూర్చుని రెండు కాళ్లతో సైకిలు పెడళ్లు తొక్కుతాడు. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను అడగమన్న ప్రశ్నలు రెండే: నూలు ఎవరిస్తారు, గజానికి కూలి ఎంత. నూలు, పడుగు మిల్లు వాళ్లే పంపిస్తారట, నేసిన గుడ్డ వాళ్లే తీసుకుపోతారట. "అయితే మనట్లే" అంది అమ్మ. కూలి ఎంతో చెప్పకుండా ఆయన నవ్వి ఊరుకున్నాడు. బావ అక్కడ ఒక కోటు గుడ్డ కొన్నాడు, బాగానే ఖర్చు పెట్టాడు.

కానీ ఆ కోటు గుడ్డ కొనడానికి కారు సముద్రం దాటి రావాల్సిన అవసరం ఏముంది? టూరిస్టు వద్దని ఎవరూ అనలేదు, కారు సంగతే నేను మాట్లాడుతున్నది. 700 మందిలో ఒకడిగా పోయినా బావ డబ్బు అంతే ఖర్చవుతుంది, పైగా కారు అద్దె కూడా స్టోర్నొవేలోనే పడుతుంది. గ్లాస్గోలో ట్యాంకు నింపి, సూపర్ మార్కెట్ సరుకులు డిక్కీ నిండా కొట్టుకుని, రెండు రాత్రులుండి, చెత్త మాత్రం అక్కడి డబ్బాలో వేసి వచ్చే క్యాంపర్ వ్యానుకు, బస్సు దిగి వచ్చి అక్కడే తిని అక్కడే కారు తీసుకున్నవాడికి చాలా తేడా ఉంది.

బావ ఒప్పుకోలేదు. ఆయన వచ్చే వేసవికి ఓర్క్నీ దీవులకు ప్లాన్ వేస్తున్నాడు, కారుతోనే. అమ్మ మళ్లీ వస్తానంటోంది, మోకాళ్లకు ఆపరేషన్ అయినాక. నేను మాత్రం ఓర్క్నీలోని కిర్క్‌వాల్ ఊళ్లో కార్లు అద్దెకిచ్చేవాళ్లకు ఇప్పుడే మెయిల్ పెట్టినా, జవాబు రాగానే బావకు ఫార్వర్డ్ చేస్తా.